నెహెమ్యా గారి కషాయం

హలో… ఆ, నేనే వదినా. ప్రసన్నని.

నిస్సీ కాదు, నిస్సీ ఫోనులోంచి నేను చేస్తున్నాను. నా నంబరైతే మీరు ఎత్తరు కదా మరి. మేనకోడలి పేరు కనపడేసరికి ఎత్తారు… పెట్టెయ్యకండి! వదినా, మీకు దణ్ణం పెడతాను, పెట్టెయ్యకండి.

…

ఏలూరులోనే ఉన్నాను. ఆస్పత్రి వరండాలో. మీ తమ్ముడు బాగానే – లేదు, బాగాలేడు. అందుకే చేశాను.

అయ్యో, ప్రాణానికేం కాలేదండీ. ఏడవకండి. తింటున్నాడు, నిద్రపోతున్నాడు, ఒళ్ళు వణకడం కూడా తగ్గింది. కానీ పొద్దున్నే లేచి చొక్కాలన్నీ మడతపెట్టి సంచిలో సర్దుకున్నాడు. ఇంటికెళ్ళిపోతాడట.

…

తాగుడు మానాలంటే ఇంకా నెల ఉండాలి కదా! నేనూ అదే మొత్తుకుంటున్నాను. ఇప్పుడు వెళ్తే కైకలూరు బస్టాండులో దిగి ఇంటిదాకా కూడా రాడు. పోయినసారి ఎక్కడ దొరికాడో మీకు తెలుసు కదా. ఐసు ఫ్యాక్టరీ వెనకాల, కాలవలో, సగం నీళ్ళలో. ఈసారి అలా పడితే లేవడని డాక్టరు గారు నా మొహం మీదే చెప్పారు.

ఎందుకు వెళ్తానంటున్నాడంటే… మీవల్ల.

కేకలెయ్యకండి. సరే, మీవల్ల కాదు. మీరు చెప్పిన జవాబు వల్ల.

అదేనండీ, శుక్రవారం ఈ ఆస్పత్రి నుంచి మీకు ఫోను చేసిన అమ్మాయి, జాయ్సీ గారు. తాగుడు తండ్రి నుంచి పిల్లలకి రక్తంలో దిగుతుందా లేదా అని చూస్తున్నారు కదా, ఇళ్ళల్లో ఎవరెవరికి ఉందో అడుగుతున్నారు, రక్తం తీసుకుంటున్నారు… ఆ, ఆ అమ్మాయే. చాలా మర్యాదగా మాట్లాడిందని మీరే అన్నారటగా.

మరి ఆవిడ ‘మీ నాన్నగారికి తాగుడు అలవాటు ఉండేదా అండీ’ అని అడిగితే మీరేమన్నారు?

…

‘లేదు’ అన్నారు.

వదినా. లేదా?

…

సంఘపెద్దే. ఎవరు కాదన్నారు? మావయ్యగారు సంఘపెద్దే. ముప్పయ్యేళ్ళు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నిలబడి, రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని అందరికీ అందించిన మనిషే. నేను ఆయన కోడల్ని. నాకు తెలీదా?

…

ఇదుగో, ఇదే. ఇదే వినాలని నేను ఫోను చేసింది. ‘నాన్నకి బల్ల ఎప్పుడూ ఆపలేదు కాబట్టి తాగుడు లేదు.’ అంటే పాస్టరు గారు బల్ల దగ్గరికి రావద్దంటేనే తాగుబోతు, రమ్మంటే కాదు. జాయ్సీ గారి దగ్గరేవో ప్రశ్నలున్నాయి వదినా, రోజూ కావాలా, మానితే ఒళ్ళు పాడవుతుందా, మానాలనుకుని మానలేకపోయాడా, అలాంటివి. పాస్టరు గారు రానిచ్చారా అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు.

నవ్వులాట కాదండీ. నవ్వే ఓపిక నాకెక్కడుంది?

…

ఆగండాగండి. మీ కుక్కరు కూస్తోంది. నాకే వినపడుతోంది, మీకు వినపడలేదా? కట్టేసి రండి. నేను లైనులోనే ఉంటాను.

…

ఆ… వచ్చారా. ఏం పప్పు?… సర్లెండి.

మీ జవాబు సంగతి ఆ అమ్మాయి మీ తమ్ముడికి చెప్పలేదండీ. నాకే చెప్పింది. మంచం పక్కన నిలబడి చెప్పడమే తప్పు. నిద్రపోతున్నాడనుకుంది పాపం. ‘మీ కుటుంబాన్ని ఈ పరిశోధనలోకి తీసుకోలేమండీ, నాన్నగారికి లేదని వాళ్ళ అక్కగారు చెప్పారు, ఇంట్లో ఇంకెవరికీ లేనప్పుడు మాకు పనికిరాదు’ అంది. అంతే. అటు తిరిగి పడుకున్నవాడు మళ్ళీ ఇటు తిరగలేదు. అన్నం పెడితే తినలేదు. పొద్దున లేచి సంచి సర్దాడు.

ఏమన్నాడో చెప్పనా? ‘అక్క చెప్పిందంటే నిజమే. నాన్నకి లేదు, తాతకి లేదు. మా ఇంట్లో నేనొక్కణ్ణే పుట్టాను వెధవని. వెధవకి మందులెందుకే’ అన్నాడు.

…

ఏడవకండి వదినా. మీరు ఏడిస్తే నేను మాట్లాడలేను.

చేర్చిన కొత్తల్లో డాక్టరు గారు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారు. ఇది షుగరు లాంటిదేనయ్యా, సగం నీ చేతిలో ఉంది, సగం నీ రక్తంలో ఉంది, నీ చేతిలో ఉన్న సగం మనం చూసుకుందాం అని. ఆ ‘సగం’ అన్న మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఉన్నాడండీ మంచం మీద. పక్క మంచాల వాళ్ళకి కూడా చెప్పేవాడు, సగమే నా తప్పు అని. దాన్ని మీరు ఒక్క ముక్కతో లాగేశారు.

…

కావాలని చేశారని నేనన్నానా?

నేనే చెప్పొచ్చు కదా అంటారా! చెప్పకపోతే కదా! ఆ అమ్మాయికి ముందు చెప్పిందే నేను. నేను చెప్తే లెక్కలోకి రాదట. కోడలు బయటి నుంచి వచ్చిన మనిషట, పెళ్ళికి ముందు సంగతి తెలీదట, అందుకని ఆయన కడుపున పుట్టినవాళ్ళు కూడా చెప్పాలట. మీ తమ్ముడు చెప్పినా చెల్లదు, రోగి కదా. ఇంకెవరున్నారు? మీరే. ఆయన పోయేదాకా ఎనిమిదేళ్ళు ఆ గ్లాసు తోమింది నేను, నా మాట చెల్లదు. గూడెంలో మీ అత్తారింట్లో కూర్చుని ‘లేదు’ అన్న మీ మాట చెల్లుతుంది!

ఏ గ్లాసా?

…

వదినా, మీరు నిజంగా ‘ఏ గ్లాసు’ అనే అడిగారా?

కషాయం గ్లాసు.

…

ఆ. ‘అది కషాయం’ అంటారని నాకు తెలుసు. మీ తమ్ముడూ అదే అన్నాడు. పొద్దున, సంచి పక్కన పెట్టుకుని! ‘మరి మావయ్యగారు పొద్దున్నే పుచ్చుకునేది ఏంటండీ’ అని అడిగితే, నా వంక వింతగా చూసి, ‘అది కషాయం కదే’ అన్నాడు. కాలవలో పడి లేచిన మనిషి! ఒళ్ళు మండిపోయింది.

అందులో ఏముండేది వదినా? మిరియాలా? శొంఠా? కల్లు దొరికే రోజుల్లో కల్లు, దొరకని రోజుల్లో బ్రాందీ. దాంట్లో మీ అమ్మగారు చిటికెడు వాము వేసేవారు. వాము వేస్తే కషాయం అయిపోతుందా?

…

జలుబుకే. ఒప్పుకున్నాను. కొల్లేటి గట్టు మీద చలి, పడవలో తడి, ఛాతీ పట్టేస్తుంది. మరి ఎండాకాలంలో? రోహిణి కార్తెలో కూడా జలుబేనా?

…

మావయ్యగారు ఎప్పుడూ తూలలేదు. నిజం. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అత్తయ్యగారి మీద చెయ్యెత్తలేదు. తన మంచం మీద తాను పడుకునేవారు. అందుకని ఆయన పెద్దమనిషి. మీ తమ్ముడు బండి మీంచి పడ్డాడు, వీధిలో అరిచాడు, చేపల మేత అమ్మే ఫీడు షాపులో పని పోగొట్టుకున్నాడు. అందుకని తాగుబోతు. తాగిందైతే ఒకటే కదండీ ఇద్దరూ! ఒకరు మంచం మీద తాగారు, ఒకరు రోడ్డు మీద తాగారు. అంతే తేడా.

…

ఆ అమ్మాయి కూడా ఈ సంగతే చెప్పి నెత్తీనోరూ కొట్టుకుంటోంది. ఊరికొక కొలత, ఇంటికొక కొలత ఉందట. చెరువు కాపలా వాళ్ళని అడిగితే ‘రాత్రుళ్ళు పుచ్చుకుంటాం, తాగుడేం లేదు’ అంటారట. ఇంకో ఇంట్లో తిరునాళ్ళకి ఒక్కసారి తాగిన ఆడమనిషిని చూపించి ‘ఇదే మా ఇంటి తాగుబోతు’ అన్నారట. పైగా డాక్టర్ల పుస్తకాలు కూడా మారుతుంటాయట. పాత పుస్తకం ప్రకారం చూస్తే రోగం కానివాడు కొత్త పుస్తకం ప్రకారం రోగిష్ఠివాడట. ఇంక రక్తంలో ఏం దొరుకుతుంది?

…

మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే… మీ తమ్ముడు చేపలు వేరు చేయించేవాడు గుర్తుందా, చెరువు గట్టు మీద? శీలావతి ఒక తట్టలో, బొచ్చె ఒక తట్టలో. ఎవడైనా చూసుకోకుండా కలిపేస్తే ఎంత గొడవ చేసేవాడు! ఇదీ అంతే. తాగుడున్న వాళ్ళందరి రక్తం ఒక తట్టలో, లేనివాళ్ళది ఒక తట్టలో పెట్టి తేడా ఏంటా అని వెతుకుతారట. మీరు మావయ్యగారిని తీసుకెళ్ళి లేనివాళ్ళ తట్టలో వేశారు. ఊరంతా మీలాగే వేస్తే వాళ్ళు వందేళ్ళు వెతికినా ఏం దొరుకుతుంది? వీధిలో అరిచే గుణం దొరుకుతుందేమో, తాగుడు మాత్రం దొరకదు.

…

మీరా? మీరు ముట్టలేదని నాకు తెలీదా? కానీ మిమ్మల్ని కూడా లేనివాళ్ళ తట్టలో వెయ్యరట.

వినండి పూర్తిగా! అసలు ముట్టనివాళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది అంటారు వాళ్ళు. ముడితే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? అందుకని ‘తెలీదు’ అని రాస్తారట. మీకూ ఉండొచ్చు, బయటపడలేదంతే…

అయ్యో రామ– అయ్యో ప్రభువా, మిమ్మల్ని తాగుబోతన్నానా నేను! నిస్సీ గురించి కూడా ‘తెలీదు’ అనే రాశారు వదినా. మీ ఒక్కరి గురించే కాదు.

…

భయపడదా మరి? డిగ్రీ చదువుతున్న పిల్ల. మొన్న అడిగింది, ‘అమ్మా, నాకూ వస్తుందా’ అని. నేనేం చెప్పను? ‘మీ తాతకి లేదట, మీ నాన్నకే ఉందట, మీ మేనత్త చెప్పింది’ అని చెప్పనా? రక్తంలో ఏముందో తెలిస్తే దానికి తగ్గట్టు జాగ్రత్తపడుతుంది. కషాయం అని చెప్పి పెంచితే… మీ తమ్ముణ్ణి అలాగే కదా పెంచారు.

…

ఆ మాట మళ్ళీ అనకండి.

వద్దు వదినా. ఆ మాట మీ అమ్మగారు అన్నారు, మీరన్నారు, చర్చిలో ఆడవాళ్ళందరూ అన్నారు. ‘మా ఇంటా వంటా లేదు, ఈవిడ వచ్చాకే పిల్లాడు చెడిపోయాడు. ఈవిడ నోటికి తట్టుకోలేక తాగాడు.’ పడ్డాను. ఇన్నేళ్ళూ పడ్డాను. నిజమేనేమో అనుకుని కొన్నాళ్ళు నోరు కూడా మూసుకుని చూశాను. నేను మాట్లాడినా తాగాడు, మాట్లాడకపోయినా తాగాడు. ఇవాళ ఆ గొడవకి నేను ఫోను చెయ్యలేదు. నన్ను అనుకోండి, ఇంకో ఇరవయ్యేళ్ళు అనుకోండి. ఆయన్ని మాత్రం ఆ సంచి విప్పేలా చెయ్యండి చాలు.

…

దేనికి భయం మీకు? చెప్పండి.

…

ఓ.

ఫొటో.

…

చర్చి వందేళ్ళ పండగకి పెద్దల ఫొటోలు పెడుతున్నారని నాకూ చెప్పారు. మావయ్యగారి ఫొటో పెద్దది చేయించడానికి ఇచ్చింది మీ తమ్ముడే కదా. వదినా, జాయ్సీ గారు ఆ ఫొటో దగ్గరికొచ్చి కింద ‘తాగుబోతు’ అని రాసిపోతుందా? పేర్లే ఉండవట. నెహెమ్యా అని కూడా ఉండదు. ఒక గుండ్రమో చదరమో గీసి నంబరు వేస్తారట, అంతే. మగవాళ్ళకి చదరం. మీ నాన్నగారు ఒక చదరం.

…

లేదు, నేను ఆయన్ని తక్కువ చెయ్యడం లేదు. నా సొంత నాన్నకంటే ఎక్కువ చూసుకున్నాను. గ్లాసు ఇచ్చింది కూడా అందుకే.

మీకు చెప్పాల్సిన పని లేదు కానీ చెప్తున్నాను. బల్ల ఆదివారం పొద్దున్న… తెల్లారుతుండగానే లేచి కూర్చునేవారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. వణికేవి. బొత్తాలు పెట్టుకోలేకపోయేవారు. గడ్డం నేనే గీసేదాన్ని, తెగుతుందని భయపడుతూ. అప్పుడు గ్లాసు ఇచ్చేదాన్ని. రెండు చేతులతో పట్టుకుని తాగేవారు. కాసేపటికి చేతులు నిలబడేవి. బొత్తాలు ఆయనే పెట్టుకునేవారు. పళ్ళెం రవ్వంత కూడా కదలకుండా పట్టుకునేవారు. ‘ఆయన చెయ్యి చూడు, రాయిలా ఉంటుంది’ అనేవారు అందరూ.

అది రోగం కాదా వదినా? పుచ్చుకుంటే గానీ చెయ్యి నిలబడకపోవడం?

…

హలో?

…

ఉన్నారా? వదినా?… కట్ అయిందేమో. హలో?

ఆ. ఉన్నారా.

ఆ, ఇత్తడిదే. అదే గ్లాసు. అంచు నొక్కుపోయి ఉండేది, తోమేటప్పుడు వేలికి గుచ్చుకునేది… ఎందుకు అడుగుతున్నారు?

…

మీరా?

మీరు కొట్టారా? నేలకేసి?

…

ఎప్పుడు?

…

చిన్నపిల్ల కదండీ అప్పుడు మీరు… ఆ… ఆ… అత్తయ్యగారు పురిటికి వెళ్ళినప్పుడా. అంటే మీ తమ్ముడు పుట్టినప్పుడు. ఇంట్లో మీరూ మావయ్యగారూ ఇద్దరే…

ఊఁ.

…

‘ఇవాళ ప్రభువు బల్ల, ఇవాళ ఇవ్వను నాన్నా’ అన్నారా? పాపం. సండే స్కూల్లో చెప్పారా అలాగని?… ఊఁ. ఆయనేమన్నారు?

ఏమీ అనలేదు.

…

చొక్కా కూడా మీరే తొడిగారు.

…

అయ్యో.

అందరి ముందూనా?

…

రొట్టె ముక్కలన్నీ… తెల్లగుడ్డ మీద, కింద… పళ్ళెం కూడా చేతుల్లోంచి జారి…

…

జ్వరం అన్నారు. ఆ, జ్వరం అనే అనుకుని ఉంటారు. ఎవరు మాత్రం ఇంకోటి అనుకుంటారు? ఊళ్ళో అందరికీ జ్వరాలే కదా అప్పట్లో… మీరొక్కరే ఎరుగుదురు.

…

ఆ తర్వాత మీరు గ్లాసు ఇవ్వడం ఎప్పుడూ మానలేదు.

నాకు తెలుసు. పెళ్ళైన కొత్తల్లో మీరు పుట్టింటికొచ్చి ఆ గ్లాసు నా చేతికిచ్చారు కదా. ‘ఆదివారం మాత్రం మరిచిపోకు ప్రసన్నా’ అన్నారు. నేనేదో జలుబు మందు అనుకున్నాను. వాసన చూశాక గానీ తెలీలేదు. అంత గట్టిగా ఎందుకు చెప్పారో ఇవాళ తెలిసింది.

…

లేదు వదినా. మీరు ఆయన పరువు తియ్యలేదు. చిన్నపిల్ల మీరు. ఒక్క పూట ఇవ్వకపోతే అంత పని జరిగిందంటే తప్పు మీదా? ఆ చేతిది. ఆ రక్తానిది.

…

వద్దు. ‘తాగుబోతు’ అనొద్దు. నేనూ అననివ్వను. మీరు ఆ మాట అనాలని నేను అడగడం లేదసలు. ‘తాగుడు’ అని కూడా అనొద్దు. పేరు మీరు పెట్టొద్దు వదినా, జరిగింది చెప్పండి చాలు. పొద్దున్నే ఏం పుచ్చుకునేవారు, పుచ్చుకోకపోతే చేతులెలా ఉండేవి, ఆ ఆదివారం ఏమైంది. పేరు వాళ్ళు పెట్టుకుంటారు, వాళ్ళ పుస్తకంలో ఏది ఉంటే అది.

…

‘కషాయం’ అనే చెప్పండి. మీ ఇష్టం. కానీ అందులో ఏముండేదో అడిగితే మాత్రం వాము ఒక్కటే చెప్పకండి.

… ఆ, నవ్వండి. కొంచెం నవ్వండి.

…

ఇప్పుడే. మళ్ళీ చేస్తానంటే కుదరదు. మీరు మళ్ళీ చెయ్యరు, నాకు తెలుసు. ఆవిడ భోజనానికి వెళ్ళిపోతుంది, సాయంత్రానికి మా పేరు తీసేస్తారు, ఆయన సంచి పట్టుకుని గేటు దాటతాడు. ఇదిగో, వస్తున్నారు మెట్లు దిగి… జాయ్సీ గారూ! అమ్మా, ఒక్క నిమిషం, ఇటు రండి!

వదినా, ఉండండి. పెట్టెయ్యకండి. పెట్టేస్తే నామీద ఒట్టే.

జాయ్సీ గారూ, మా వదిన గారు. లిడియా గారు. అదే, శుక్రవారం మాట్లాడారు కదా… వాళ్ళ నాన్నగారి సంగతి ఒకటి మరిచిపోయారట. చెప్తారట… ఆ, ఆవిడే, కన్నకూతురే. చెల్లుతుంది కదా?

ఏంటి వదినా?… ఆ. ఆ. సరే. నేను వినను.

లేదమ్మా, స్పీకరు పెట్టకండి. మీకొక్కరికే చెప్తారట. నేను లోపలికి వెళ్తాను, ఆయన సంచి విప్పాలి.

ఇదుగో, తీసుకోండి ఫోను.